చర్లలో పట్టుకుంది, నల్లకుంటలో దొరికింది: నా మలేరియా అనుభవం

మలేరియా నాకు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలో సోకింది. అది మలేరియానే అని తేలడానికి మాత్రం హైదరాబాద్‌లో నానా తిప్పలు పడ్డాను. కరెంటు లేని గూడెంలో పావుగంటలో బయటపడే జబ్బు, వీధికో డయాగ్నస్టిక్ సెంటర్ ఉన్న నగరంలో అన్ని రోజులు ఎందుకు దొరకలేదన్నది ఇప్పటికీ నాకు మింగుడుపడదు. అందుకే రాస్తున్నాను.

నేను ఉండేది రామంతాపూర్‌లో. సోలార్ పంపులు బిగించే ఒక చిన్న కంపెనీలో టెక్నీషియన్ని. లైను వెళ్ళని గూడేల్లో బోరుకు సోలార్ మోటారు దింపి, స్టాండు మీద ప్లాస్టిక్ ట్యాంకు, దాని కింద నాలుగు కుళాయిలు పెట్టి రావడం మా పని. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల మండలంలో అలాంటి ఒక గూడెంలో పిడుగు పడి కంట్రోలర్ కాలిపోయిందని ఆఫీసుకు ఫోన్ వచ్చింది. వానాకాలంలో అటు వెళ్ళమంటే అందరికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది. ఆ పంపు బిగించింది నేనే కాబట్టి బ్యాగు నా భుజానికే ఎక్కింది.

అక్కడ ఉండేది గుత్తికోయలు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. చాలామంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చేశారు. కొంత పోడు కొట్టుకుంటారు, మిరప కోతలకు కూలికి పోతారు. అటువైపు వాళ్ళ బంధువులకున్న ఎస్టీ గుర్తింపు ఇటువైపు వీళ్ళకు లేదు. ఉన్నది అటవీ భూమి గనుక రోడ్డు పడదు, స్తంభం పాతరు. పంపు లేకపోతే వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని తోడుకోవాలి. అందుకే వాన అయినా వెళ్ళక తప్పలేదు.

పగలంతా ముసురు. వాన తెరిపిచ్చాక, చీకటి పడ్డాక పని మొదలుపెట్టాం. తలకు లైటు కట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా ప్యానెల్ కింద కూర్చుని వైర్లు కలిపాను. దోమతెర నా బ్యాగులోనే ఉంది, పడుకునేటప్పుడు కట్టుకున్నాను కూడా. కానీ మలేరియా దోమ మనం ఎప్పుడు పడుకుంటామా అని ఎదురుచూడదు. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా దాని డ్యూటీ. గూడెం వాళ్ళదీ అదే ఇబ్బంది. దోమతెరలు ఇచ్చారు, వాడుకుంటున్నారు. పంట చేతికొచ్చే కాలంలో మాత్రం అడవిపందులకు కాపలాగా మగవాళ్ళు మంచె మీదే రాత్రంతా గడుపుతారు. ఇళ్ళలో మందు పిచికారీ చేద్దామన్నా కొన్నిటికి తడికలే తప్ప గోడల్లేవు. దోమ వాలే గోడకు మందు అంటుకుని ఉంటేనే కదా అది చచ్చేది.

మర్నాడు పొద్దున ఆశా కార్యకర్త, అందరూ ఆశా అక్క అనే ఆమె, వాగు దాటి వచ్చింది. ఆమె పక్క ఊరి కోయ మనిషి. భుజాన సంచి, చేతిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన రిజిస్టరు. ఒక పిల్లాడు రాత్రి నుంచి వణుకుతున్నాడని కబురు పెట్టారట. అక్క వాడి వేలు తుడిచి, సూదితో పొడిచి, ఒక్క చుక్క రక్తాన్ని కార్డు మీది చిన్న గుంటలో వేసింది. పక్క గుంటలో మందు చుక్కలు వేసి, కార్డును అరుగు మీద పెట్టి, రిజిస్టరు రాసుకుంటూ కూర్చుంది. పావుగంట తర్వాత కార్డు నాకు చూపించింది. 'సి' దగ్గర ఒక గీత, అంటే కార్డు పనిచేసిందని. 'పీఎఫ్' దగ్గర ఇంకో గీత. అంటే ఫాల్సిపారం, ప్రాణం మీదికి తెచ్చే రకం. అక్కడితో ఆగకుండా ఇంట్లో అందరి వేళ్ళూ పొడిచింది. వాకిట్లో వెదురు చీలుస్తున్న పిల్లాడి తండ్రికి కూడా పాజిటివే. ఆయనకు జ్వరం లేదు, నీరసం లేదు, కత్తి కూడా పక్కన పెట్టలేదు.

"ఈళ్ళకి చిన్నప్పటి నుంచి వచ్చీ వచ్చీ ఒళ్ళు అలవాటు పడిపోతది సార్. జొరం రాదు గానీ ఒంట్లో ఉంటది. ఆయన్ని కుట్టిన దోమ మిమ్మల్ని కుడితే మాత్రం మీకు వస్తది" అంది నవ్వుతూ. సరిగ్గా అలాగే అయింది.

ఈ జ్వరం లేని మలేరియాయే అసలు చిక్కు. జ్వరం వచ్చినవాళ్ళకే పరీక్ష చేస్తే వెదురు చీల్చే మనిషి ఎప్పటికీ లెక్కలోకి రాడు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 జనవరిలో 'మలేరియా ముక్త్ బస్తర్' అని మొదలుపెట్టి, జ్వరం ఉన్నా లేకపోయినా ఇంటింటికీ వెళ్ళి అందరి రక్తం చూసింది. పాజిటివ్ వచ్చినవాళ్ళలో చాలామందికి ఏ లక్షణమూ లేదని అప్పుడే బయటపడింది. అయితే సరిహద్దు అవతలి పామేడు వైపు నుంచి మనుషులు చర్ల సంతకు వస్తారు, ఇటువాళ్ళు పండగలకు అటు వెళ్తారు. ఒకవైపు ఊడ్చి ఇంకోవైపు వదిలేస్తే లాభం ఏముంటుంది?

ఇక నా కథ. ఇంటికొచ్చిన రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఏసీ చలి ఎక్కువైందనుకుని రిమోట్ వెతికాను. ఏసీ ఆపేసే ఉంది. ఇల్లు చేరేసరికి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం ఊగింది. గంట తర్వాత ఒళ్ళు కాలిపోయి అవే దుప్పట్లు విసిరికొట్టాను. ఆ తర్వాత చెమట. బనీను పిండితే నీళ్ళు. చెమట పట్టాక మాత్రం ఏమీ జరగనట్టు లేచి కూర్చుని పెరుగన్నం తిన్నాను. ఈ జ్వరం చేసే మోసం అక్కడే ఉంది. తగ్గిపోయిందని నమ్మిస్తుంది. మా అమ్మైతే "అడివిల గాలి తగిలింది బిడ్డా" అని మిరపకాయలతో దిష్టి తీసి పారేసింది. ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గింది తప్ప నా జ్వరం కదల్లేదు.

మా కాలనీ చివరున్న క్లినిక్‌కి వెళ్ళాను. నగరమంతా డెంగీ భయంలో ఉన్న రోజులు. డాక్టరు గారు తల ఎత్తకుండానే "వైరల్ సీజన్ కదా" అని డోలో రాసి, ఫీవర్ ప్యాకేజీకి పంపారు. చర్ల అడవిలో పని చేసి వచ్చానని రిసెప్షన్‌లో అమ్మాయికి చెప్పాను. ఆమె కంప్యూటర్‌లో పేరు, వయసు, ఫోన్ నంబరు, జ్వరం ఎన్నాళ్ళ నుంచి అని గడులున్నాయి గానీ ఎక్కడికి వెళ్ళొచ్చారన్న గడి లేదు. నా చర్ల అక్కడే ఆగిపోయింది.

రిపోర్టులు వాట్సాప్‌లో వచ్చాయి. డెంగీ ఎన్ఎస్1 నెగటివ్. ప్లేట్‌లెట్లు తక్కువ. టైఫాయిడ్‌కి చేసే వైడాల్ పాజిటివ్. 'ఎంపీ', అంటే మలేరియా పురుగు, అనే లైను ఎదురుగా 'కనబడలేదు'. అంతే, నాకు టైఫాయిడ్ అని తేల్చేశారు. రోజూ వెళ్ళి ఇంజెక్షన్ వేయించుకోవడం, సెలైన్ ఎక్కించుకోవడం. వైడాల్ అంత గట్టి సాక్ష్యమేమీ కాదని, ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్‌కీ వేరే జ్వరాలకీ కూడా అది పాజిటివ్ చూపించొచ్చని తర్వాత తెలిసింది. ప్లేట్‌లెట్లు మలేరియాలోనూ పడిపోతాయి. కానీ మన ఊళ్ళో ప్లేట్‌లెట్లు తగ్గాయంటే చుట్టాలందరూ డాక్టర్లే. ఒకరు బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చారు, ఒకరు కివీ పళ్ళు. ఆ రసం చేదు గురించి ఎంత చెప్పినా తక్కువే.

అన్నిటికన్నా నష్టం చేసింది ఆ 'కనబడలేదు' అన్న మాట. మలేరియా పురుగు రక్తంలో ఎప్పుడూ ఒకే లెక్కలో ఉండదు. ఒక్క స్లైడులో దొరకనంత మాత్రాన లేదని కాదు. అనుమానం ఉంటే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్ళీ మళ్ళీ తీసి చూడాలి. కానీ ఆ అనుమానం రావాలంటే ముందు రోగి ఎక్కడి నుంచి వచ్చాడో తెలియాలి. డాక్టర్లను తిట్టాలని కాదు. హైదరాబాద్‌లో మలేరియా బాగా తగ్గింది, కుర్ర డాక్టర్లలో దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు కొద్దిమందే ఉంటారు. తగ్గిన జబ్బుతో వచ్చే కొత్త సమస్య ఇది.

దారి చూపించింది ఆశా అక్కే. పంపు సంగతి చెబుదామని సిగ్నల్ ఉన్న గుట్ట ఎక్కి ఫోన్ చేసింది. నా గొంతు వినగానే పంపు మాట పక్కన పెట్టింది.

"ఏంది సార్, గొంతు అట్టుంది? చలి పెట్టి వస్తందా?"

"అవునక్కా. టైఫాయిడ్ అంటున్నారు."

"రక్తం చూశారా?"

"చూశారు, మలేరియా లేదన్నారు."

"ఒకపాలి చూస్తే దొరకదు సార్. ఒణుకు వచ్చినప్పుడు పోయి మళ్ళీ తీపిచ్చుకోండి. ఈడికొచ్చి పోయినట్టు చెప్పండి ముందు."

మర్నాడు పొద్దున్నే ఆటోలో నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కి బయల్దేరాం. పాతవాళ్ళు ఇంకా కోరంటి దవాఖానా అనే అంటారు. అంబర్‌పేట 6 నంబర్ చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడే వణుకు మొదలైంది. మా ఆవిడ తన చున్నీ కూడా నా మీద కప్పింది. ఆటోవాలా వెనక్కి తిరిగి "కరోనా కాదు కదన్నా?" అన్నాడు.

ఓపీ చీటీ తీసుకుని లైన్లో నిలబడ్డాం. లోపలున్న డాక్టరమ్మ చీటీ చూడకముందే అడిగిన మొదటి మాట: "ఈ నెలల ఎటన్నా ఊరికి పోయినవా?" చర్ల అన్నాను. రాస్తున్న పెన్ను ఆపి నా కళ్ళు కిందికి లాగి చూసింది, కడుపు నొక్కి ప్లీహం చూసింది. మూత్రం సరిగ్గా వస్తోందా, ఆయాసం ఉందా, మాట తడబడుతోందా అని మా ఆవిణ్ణి అడిగింది. ఫాల్సిపారం మెదడుకి ఎక్కితే మనిషి తనకు తాను చెప్పుకోలేడు కాబట్టి పక్కనున్నవాళ్ళని అడగాలట.

ల్యాబ్‌లో ఒక పెద్దాయన నా వేలి రక్తాన్ని ఒకే గాజు పలక మీద రెండు చోట్ల పెట్టాడు. ఒక చుక్కను ఇంకో పలక మూలతో గుండ్రంగా తిప్పి మందంగా ఉంచాడు. రెండో చుక్కను పలక అంచుతో ఒక్క లాగు లాగి పలచగా పరిచాడు. మందంగా ఉన్నదాంట్లో పురుగు ఉందా లేదా తెలుస్తుంది, పలచగా ఉన్నదాంట్లో ఏ రకమో తెలుస్తుంది. ఆరబెట్టి, రంగు వేసి, నూనె చుక్కతో మైక్రోస్కోపు కింద పెట్టాడు. నేను ఆత్రంగా చూస్తుంటే "చూస్తవా?" అని పక్కకి జరిగాడు. గులాబీ రంగు గుండ్రాలు. ఒక దాంట్లో రాయి పొదిగిన ముక్కుపుడకలా సన్నటి నీలి వలయం, దాని అంచున ఎర్రటి చుక్క. నన్ను అన్ని రాత్రులు మంచం మీద ఎగరేసింది అదేనంటే నమ్మబుద్ధి కాలేదు. "రెండు రకాలూ ఉన్నయ్, ఫాల్సిపారం, వైవాక్స్" అన్నాడు ఆయన, జంట నగరాలన్నంత మామూలుగా.

జంట నగరాలంటే గుర్తొచ్చింది. ఈ పురుగు దోమలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించిన దోమల కడుపులు కోసి చూశాడు. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడట. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. ఫీవర్ హాస్పిటల్ బోర్డు మీదున్న అసలు పేరు కూడా ఆయనదే. ఆ అణాలు లెక్కపెట్టుకున్న హుసేన్ ఖాన్ పేరు మీద మాత్రం ఈ ఊళ్ళో ఏ బోర్డూ నాకు కనబడలేదు.

ఆ రాత్రికి ఉండమన్నారు. పక్క మంచం మీద జగదల్‌పూర్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు, కోకాపేటలో సెంట్రింగ్ పని చేస్తాడట. వాడికి వచ్చిన రోజే మలేరియా తేలింది. ఎలా అని అడిగితే, "నేనే చెప్పాను, మలేరియా హై అని" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా ఆ వణుకు తెలుసట.

మందులు మొదలుపెట్టాక రెండో రోజుకే జ్వరం దిగింది. ఆర్టిసునేట్ కలిసిన కాంబినేషన్ మూడు రోజులు. దాంతో రక్తంలో ఉన్న పురుగు చస్తుంది. కానీ వైవాక్స్‌కి ఇంకో ఎత్తుగడ ఉంది. కొన్ని కాలేయంలో దూరి నిద్రపోతాయి. వారాలకో నెలలకో లేచి మళ్ళీ జ్వరం తెస్తాయి, అప్పుడు దోమ కుట్టాల్సిన పని కూడా లేదు. వాటి కోసం ప్రైమాక్విన్ 14 రోజులు. అది రాసే ముందు డాక్టరమ్మ జీ6పీడీ అనే రక్త పరీక్ష చేయించమంది. ఆ ఎంజైము తక్కువగా ఉన్నవాళ్ళకి ఈ మాత్ర పడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. నాకు మామూలుగానే ఉంది. ఆ లోపం తరతరాలుగా మలేరియా ఉన్న చోట్ల, గిరిజనుల్లో ఎక్కువగా కనబడుతుంది. అంటే ఆ పరీక్ష ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళ గూడెంలో అది దొరకదు. మూత్రం ముదురు రంగులో వస్తే మాత్ర ఆపేసి రమ్మని ఆశా అక్క నోటితో చెప్పి వస్తుంది. గర్భిణులకు, చంటిపిల్లలకు అసలు ఇవ్వకూడదు.

ఇంటికొచ్చాక జీహెచ్ఎంసీలో దోమల సంగతి చూసే ఎంటమాలజీ వాళ్ళు వచ్చారు. మలేరియా తేలితే ప్రభుత్వానికి తెలియజేయాలి, అక్కడి నుంచి మా చిరునామా వెళ్ళింది. ఇంట్లో అందరి రక్తం తీసుకున్నారు. టెర్రస్ ఎక్కి ట్యాంకు మూతలు, డ్రమ్ములు, పాత కూలర్, పూలకుండీల కింద పళ్ళేలు అన్నీ వంచి చూశారు. నగరంలో మలేరియా మోసే దోమ పెరిగేది ఓవర్‌హెడ్ ట్యాంకుల్లాంటి మంచినీళ్ళలోనేనట. నా రక్తంలోని పురుగు ఆ దోమకి ఎక్కితే కింద పోర్షన్‌లోని పిల్లలకి రావొచ్చు. ఆ మాట వినగానే అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ అంకుల్ "ఫాగింగ్ కొట్టండి సార్, ఫాగింగ్" అని వాళ్ళ వెంటపడ్డాడు. పొగకి ఎగిరే దోమ చస్తుంది గానీ నీళ్ళలో ఉన్న పిల్ల పురుగు చావదు, ముందు మీ ట్యాంకుకి మూత పెట్టించండి అన్నాడు ఆ వచ్చిన తమ్ముడు. ఆయన వెళ్ళాక కూడా అంకుల్ ఫాగింగ్ గురించే మాట్లాడాడు. మూత మా ఆవిడే కొనుక్కొచ్చింది.

14 రోజులు మాత్ర వేసుకోవడం ఎంత విసుగో చెప్పాలి. జ్వరం లేదు, నొప్పి లేదు, ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. పక్కన ఫ్రిజ్, మూడు పూటలా భోజనం, గుర్తు చేసే ఫోను ఉన్న నాకే ఆ విసుగు. పోడులో పొద్దుటి జావ మీద మధ్యాహ్నం దాకా ఉండే మనిషికి అదే మాత్ర కడుపులో మంట పెడితే రేపటికి వాయిదా వేస్తాడు. ఈలోపు పామేడు అవతల మేనమామ ఇంట్లో పెళ్ళి. మిగిలిన మాత్రలు ఇంటి చూరులోనే ఉండిపోతాయి. "గిరిజనులు మందులు సరిగ్గా వాడరు" అని తేలిగ్గా అనేవాళ్ళు ఆ మాత్రలు వాళ్ళలాగే ఖాళీ కడుపున మింగి చూడాలి. ఆశా అక్క వీలైనప్పుడల్లా చేతిలో మాత్ర పెట్టి, మింగాక నోరు తెరవమని చూసి వెళ్తుంది. వాగు పొంగితే ఆ రోజు లేదు. ప్రభుత్వం 2030 నాటికి దేశంలో మలేరియా లేకుండా చేస్తామంటోంది. మంచిదే. ఆ లెక్కలో వాగు పొంగే రోజులు కూడా వేసుకోవాలి.

నా కోర్సు అయ్యాక మళ్ళీ స్లైడు తీశారు, ఏమీ లేదు. పూర్తిగా తగ్గాక కూడా 3 నెలల దాకా రక్తదానం చేయొద్దన్నారు. ముందు ముందు ఎప్పుడు జ్వరం వచ్చినా నాకు వైవాక్స్ వచ్చిందని చెప్పమన్నారు. మా ఆఫీసులో అటు వెళ్ళే కుర్రాళ్ళకి నేనొక కాగితం రాసిచ్చాను. జ్వరం వస్తే డాక్టరు అడిగినా అడక్కపోయినా ఏ మండలం వెళ్ళొచ్చావో ముందు చెప్పు, దాన్ని చీటీ మీద రాయించు, ఒకసారి నెగటివ్ వస్తే మళ్ళీ తీయించు. ఆ మాత్రం చాలు.

కోలుకున్నాక ఖాళీ మాత్రల అట్ట ఫోటో అక్కకి పంపాను. చాలా రోజులకి గాని ఆ రెండు టిక్కులు పడలేదు. బదులుగా ఆమె కూడా ఒక ఫోటో పంపింది. మా పంపు కుళాయిల కింద నీళ్ళు పారి పారి ఒక మడుగు కట్టింది. వాన నీళ్ళు కూడా చేరి తేటగా నిలిచాయి. దగ్గరికి పెట్టి తీసిన ఇంకో ఫోటోలో నీటి మట్టానికి అడ్డంగా పడుకున్న దోమ పిల్లలు. మలేరియా దోమ పిల్ల అలా నీటికి సమాంతరంగానే ఉంటుంది, తల కిందులుగా వేలాడదు. "మీ పంపు మంచిదే సార్, దీనికి కాలవ తియ్యండి" అని వాయిస్ మెసేజ్.

మేం ఇచ్చే ఎస్టిమేట్‌లో ప్యానెల్ ఉంటుంది, మోటారు, ట్యాంకు, కుళాయిలు ఉంటాయి, కారే నీళ్ళ కోసం ఏమీ ఉండదు. ఇప్పుడు ప్రతి పంపుకీ ఒక ఇంకుడు గుంత కలపమని ఆఫీసులో అడుగుతున్నాను. మా సార్ వద్దనలేదు గానీ, కంకర ట్రాక్టర్ వాగు ఇవతలి దాకానే వెళ్తుంది, అక్కడి నుంచి ఎవరు మోస్తారు, మోత కూలి ఏ పద్దులో రాయాలి అంటున్నారు. గూడెం వాళ్ళు మోస్తామన్నారని అక్క చెప్పింది. కూలి ఇవ్వకుండా మోయించడానికి నేను ఒప్పుకోలేదు. ఆ ఫైలు ఇంకా మా అకౌంట్స్ టేబుల్ మీదే ఉంది.